గీత దాకా నీళ్ళు

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికే జబ్బుందన్నారు. నాకు నడుం నొప్పి, అత్తయ్యకు మోకాళ్ళు, లిఫ్టులు బాగుచేసే మా ఆయనకు పైకి చూసీ చూసీ మెడ పట్టేసింది. మామగారికి మాత్రం ఏమీ లేదు. అరవై దగ్గర పడుతున్నా తలనొప్పి మాత్ర ఏ రంగులో ఉంటుందో తెలియని మనిషి. ఆయనకున్నదల్లా గజ్జల్లో చిన్న హెర్నియా, అదీ పాల క్యాన్లు మోయడం వల్ల వచ్చింది. ఎండలు ముదిరితే పశువులు పాలు తగ్గిస్తాయి, కేంద్రంలో పని సగమవుతుంది, ఆ సందులో కోయించేసుకుంటానని ఆయనే అన్నారు.

మామగారు పాల కేంద్రంలో పాలు పరీక్ష చేస్తారు. ముప్పై ఒక్కేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. పాలు పోసేవాళ్ళు వరసలో నిలబడితే ఒక్కొక్కరి దగ్గరా గ్లాసెడు తీసి, లాక్టోమీటరు ముంచి, అది ఎక్కడ తేలిందో చూస్తారు. నీళ్ళు కలిశాయని తేలితే క్యాను వెనక్కే. చాటున అందరూ ఆయన్నే లాక్టోమీటరు అంటారు. అత్తయ్య సొంత తమ్ముడి పాలు పలచగా ఉంటే నలుగురి ముందూ ఆ క్యాను కూడా తిప్పి పంపారు. అత్తయ్య పన్నెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పదమూడో రోజు మాట్లాడింది కూడా తిట్టడానికే.

హెర్నియా కోసే ముందు సర్జను కడుపు స్కాను తీయించమన్నాడు. ఆ కాగితం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

"హెర్నియా సంగతి అలా ఉంచండి. ఎడమ కిడ్నీ పైన ఒక గడ్డ కనబడుతోంది. మూడు సెంటీమీటర్లు దాటింది. ముందు హార్మోన్ల డాక్టరుకి చూపించండి. ఆవిడ సరేనంటే నేను కోస్తాను."

"నొప్పి లేదు, నలత లేదు. నాకు తెలీకుండా నా కడుపులో గడ్డేమిటి?" అన్నారు మామగారు, ఎవరో తన బల్ల సొరుగులో చెయ్యి పెట్టినంత కోపంగా.

మా ఆయన వేరే ఊళ్ళో కొత్త భవనానికి లిఫ్టు బిగించే పనిలో ఉన్నారు. అత్తయ్య మెట్లెక్కలేదు. కాబట్టి ఆసుపత్రికి ఆయన వెంట తిరిగే పని నా మీద పడింది. నేను ఆ ఇంటికొచ్చి మూడేళ్ళు. అంతకుముందు మామగారూ నేనూ ఎదురెదురుగా కూర్చుని పది మాటలు మాట్లాడుకున్న పాపాన పోలేదు.

హార్మోన్ల డాక్టరమ్మ చిన్న మనిషి, మాట మాత్రం కచ్చితం. ఆవిడ బల్ల మీద ప్లాస్టిక్ కిడ్నీ బొమ్మ ఉంది, దాని నెత్తిన పసుపుపచ్చ టోపీలాంటి ముక్క.

"తలనొప్పులు వస్తాయా?"

"రావు."

"ఉన్నట్టుండి ఒళ్ళంతా చెమటలు?"

"మాది రేకుల షెడ్డమ్మా. ఈ ఎండలకి అక్కడ గోడలకి కూడా చెమట పడుతుంది."

"గుండె దడ?"

"మా ఆవిడ గట్టిగా పిలిస్తే వస్తుంది."

ఆవిడ నవ్వి బీపీ చూసింది. బాగానే ఉంది. మామగారు నా వైపు చూశారు, చూశావా అన్నట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆవిడ ఆ పసుపుపచ్చ టోపీని వేలితో చూపించి మొదలుపెట్టింది.

"దీన్ని అడ్రినల్ గ్రంథి అంటారు. మీ గడ్డ ఇందులో ఉంది. ఇలాంటివి చాలామందికి ఉంటాయి, ఎక్కువ భాగం ఏమీ చెయ్యవు. కొన్ని మాత్రం లోపల్లోపలే హార్మోన్లు తయారుచేస్తూ కూర్చుంటాయి. పైకి ఏమీ కనబడదు. మీలాగే తిరుగుతుంటారు. అది తెలుసుకోకుండా మత్తిచ్చి కోత పెట్టామనుకోండి, ఆ గడ్డ ఉన్నదంతా ఒక్కసారి రక్తంలోకి వదిలేస్తుంది. బీపీ ఎక్కడికో పోతుంది. బల్ల మీదే ప్రాణం పోయినవాళ్ళున్నారు."

నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. మామగారు మాత్రం ముందుకు వంగారు.

"అంటే చూపుకి తెలీదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది."

"అంతే."

"మా పాలూ అంతే లెండి," అన్నారు. ఆ క్షణం నుంచి డాక్టరమ్మ ఆయనకు నచ్చింది.

పరీక్షలు మూడు. ఒక మాత్ర వేసుకుని మర్నాడు రక్తమివ్వడం ఒకటి, ఇంకో రక్తపరీక్ష ఒకటి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టివ్వాలి. నర్సు ఒక పెద్ద ప్లాస్టిక్ క్యాను తెచ్చి పెట్టింది.

"లేవగానే మొదటిసారి వెళ్ళింది పారబోసెయ్యండి. అక్కణ్ణుంచి మర్నాడు అదే టైముదాకా ప్రతి చుక్కా ఇందులో పడాలి. అడుగున కొంచెం యాసిడ్ ఉంది, అది కదపకండి, చేతికి తగలనివ్వకండి."

"ఒక్క చుక్క పోదు," అన్నారు మామగారు.

పోలేదు కూడా. ఆయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. క్యానుకు నిలువునా ఒక కాగితం ముక్క అంటించి, పోసినప్పుడల్లా ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిలుతో గీత గీసి, పక్కన టైము రాసుకున్నారు. కేంద్రంలో శాంపిళ్ళకు కూడా అంత మర్యాద జరగదు.

"ఈ క్యానుకి చేసిన సేవలో సగం నాకు చేసుంటే నా మోకాళ్ళు ఎప్పుడో బాగుపడేవి," అంది అత్తయ్య.

"నీ మోకాళ్ళకి గీతలు గీస్తే ఊరుకుంటావా?" అన్నారాయన.

మర్నాడు పొద్దున ఆరూ పదికి ఆఖరి గీత గీసి, స్నానానికి వెళ్ళారు. అరగంటలో ఇద్దరం బయల్దేరాలి. క్యాను పెరటి గట్టు మీద, నీడలో ఉంది. ఎండ అటు తిరుగుతోందని లోపల పెడదామనుకున్నాను. అంట్లు తోముతున్న సబ్బు చేతులతోనే వెళ్ళి మూత దగ్గర పట్టుకుని ఎత్తాను. మూత నా చేతిలో ఉంది. క్యాను గట్టు అంచుకు తగిలి, నేల మీద పడి, పక్కకు ఒరిగింది.

నేను దాన్ని నిలబెట్టేసరికి మూడో వంతు మిగిలింది. మిగతాదంతా తూములోకి పోయింది. చేతి మీద పడినచోట చురుక్కుమంది.

ఒలికిందని చెబితే ఏమయ్యేది? ఇంకో క్యాను ఇచ్చేవాళ్ళు, ఇంకో రోజు పట్టేది. ఈ ముక్క ఇప్పుడు ఎవరైనా చెబుతారు. అప్పుడు నాకు తోచలేదు. మూడేళ్ళలో మామగారు నన్ను ఒక్క మాట అనలేదు, అదే నా భయం. రోజూ అనే అత్తయ్యతో నాకు ఏ బెంగా లేదు. ఎప్పుడూ అననివాళ్ళు మొదటిసారి ఎలా అంటారో తెలియదు కదా. పైగా నిన్నంతా ఆయన ఆ గీతలు గీసుకోవడం చూశాను. స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగిపోయింది. నేను తొట్టిలో నీళ్ళు ముంచి క్యానులో పోశాను. ఆరూ పది గీత దాకా, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా పోశాను.

వారం తర్వాత రిపోర్టులు వచ్చాయి. ఆ వారమంతా నేను నిప్పుల మీద కూర్చున్నట్టే ఉన్నాను. మామగారు దగ్గితే ఉలిక్కిపడేదాన్ని. ఎండలో వచ్చి మొహం ఎర్రబడితే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురెళ్ళేదాన్ని. "ఈ అమ్మాయికేమైంది, నన్ను చూస్తే దొంగని చూసినట్టు చూస్తోంది," అని అత్తయ్యతో అన్నారట.

డాక్టరమ్మ కాగితాలు పక్కపక్కన పెట్టుకుంది.

"రక్తపరీక్షలు రెండూ బాగున్నాయి. మూత్రపరీక్షలో కూడా గడ్డ హార్మోను హద్దులోనే ఉంది, చివరికంటా ఉందనుకోండి. కానీ ఇక్కడ ఇంకో అంకె ఉంది. క్రియాటినిన్ అని, ఏ మనిషికైనా ఒంటిని బట్టి రోజుకి ఇంత అని పోతుంది, పెద్దగా మారదు. మీకు రావాల్సినదాంట్లో మూడో వంతే వచ్చింది. క్యాను చూస్తే నిండుగా ఉంది. అంటే ఎక్కడో కొంత పోయింది, నీళ్ళు కలిశాయి."

మామగారు ఆ కాగితం తన వైపు తిప్పుకుని చూశారు. తర్వాత మెల్లిగా అడిగారు.

"ఎవరు కలిపారంటారు?"

"ఎవరో కలిపారని కాదండీ. పొరపాటున..."

"ముప్పై ఒక్కేళ్ళుగా ఈ మాట నేను ఎదుటివాళ్ళకి చెబుతున్నానమ్మా. వాళ్ళందరూ పొరపాటనే అంటారు." ఆయన లేచి నిలబడ్డారు. "నా క్యానులో నీళ్ళు లేవు."

"మళ్ళీ ఒక్కసారి పట్టివ్వండి. అంతే," అంటూ ఆవిడ చీటీ రాసిచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

మెట్లు దిగుతూ ఆగి, నా వైపు తిరిగారు.

"నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదమ్మా. నువ్వు చెప్పు. ఒక్క చుక్కయినా బయట పడిందా?"

"లేదు మామయ్యా," అన్నాను.

ఆయన తల ఊపి మిగతా మెట్లు దిగారు.

అక్కణ్ణుంచి నేరుగా సర్జను గదికి వెళ్ళారు. నన్ను బయట కూర్చోమన్నారు. పది నిమిషాల్లో వచ్చి, "సోమవారం," అన్నారు. "రిపోర్టు చూశాడు. అంతా హద్దులోనే ఉంది, ఇంక భయం లేదన్నాడు."

సర్జనుకు ఆయన ఏం చూపించారో, ఏం చూపించలేదో నాకు మర్నాడు బట్టలు నానబెడుతుంటే తెలిసింది. చొక్కా జేబులో డాక్టరమ్మ చీటీ నాలుగు మడతల మీద అలాగే ఉంది. 'పరీక్ష మళ్ళీ చేయాలి. అంతవరకు ఏ ఆపరేషనూ వద్దు' అని రాసుంది. చేతిలో సబ్బు నురగ చీటీ మీద పడి అక్షరాలు ఉబ్బాయి. నేను అక్కడే బకెట్టు పక్కన కూలబడిపోయాను.

అది బుధవారం. సోమవారానికి ఐదు రోజులు.

మా ఆయనకు ఫోను చేశాను. "ఏంటి విశేషాలు?" అన్నారు. ఎండలెలా ఉన్నాయో, వంటగ్యాసు ఎప్పుడొచ్చిందో చెప్పి పెట్టేశాను. గురువారం సర్జను నంబరు నొక్కి, అవతల మోగకముందే తీసేశాను. సర్జనుతో చెబితే సోమవారం ఆపరేషను ఆగుతుంది, నిజమే. కానీ మామగారు ఊరుకుంటారా? నీళ్ళు కలిపారనిపించుకున్న మనిషి ఇంకో ఆసుపత్రికి వెళ్ళి, అదే రిపోర్టు చూపించి, అక్కడ కోయించుకుంటారు. ఆయన మొండితనం సంగతి నాకు తెలుసు. ఆ క్యానులో నీళ్ళున్నాయని ఆయన నమ్మాలి. ఆయన నమ్మాలంటే నేనొక్కదాన్నే చెప్పగలను. శుక్రవారమంతా చెబుదామనుకుంటూనే గడిచింది. అన్నం పెడుతూ నోరు తెరిచాను, "ఇంకొంచెం వేయనా?" అన్నాను. ఆయన "చాలు," అన్నారు. ఒక మనిషి చావుబతుకులు నా నోట్లో ఉన్నాయి, నేను చారు వడ్డిస్తున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున పాల కేంద్రానికి వెళ్ళాను. వరస అయిపోయింది. ఖాళీ క్యాన్లు గోడవారగా బోర్లించి ఉన్నాయి. మామగారు కుళాయి దగ్గర నిలబడి, వెన్న శాతం చూసే పొడుగు మెడ గాజు గొట్టాలు కడుగుతున్నారు. ఆ పరీక్షలో ఘాటు యాసిడ్ వాడతారు. ఆయన వేళ్ళ మీద గోధుమరంగు మచ్చలు ఆ ఉద్యోగంతో వచ్చినవే.

"ఏంటమ్మాయ్, ఇలా వచ్చావు? మీ అత్త బాగానే ఉందా?"

"బాగున్నారు మామయ్యా. క్యాను ఒలికింది."

"ఏ క్యాను?" అంటూ గోడవారకు చూశారు.

"మీ క్యాను. ఆ రోజు మీరు స్నానానికి వెళ్ళినప్పుడు. నేనే ఎత్తబోయి పడేశాను. గీత దాకా నీళ్ళు పోశాను."

కుళాయి పారుతూనే ఉంది. ఆయన దాన్ని కట్టేశారు. చేతిలో గొట్టాన్ని మిగతావాటి పక్కన జాగ్రత్తగా పెట్టారు.

"ఎంత మిగిలింది?"

"మూడో వంతు."

"ఆ డాక్టరమ్మా అంతే చెప్పింది," అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు. "కరెక్టుగా చెప్పింది."

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఇప్పుడు మొదలవుతుంది, వరసలో నిలబడ్డవాళ్ళను అన్నట్టే అంటారు, అననీ అనుకున్నాను. మెట్ల మీద అడిగితే లేదన్నావే అంటారు.

"అందులో యాసిడ్ ఉందన్నారు కదా. చేతి మీద పడిందా?"

"కొంచెం మండింది. కడిగేసుకున్నాను."

"చూపించు."

నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, కిటికీ వెలుగులో పెట్టి చూశారు. "మచ్చ పడలేదులే," అన్నారు. తర్వాత తువ్వాలుతో తన చేతులు తుడుచుకున్నారు. "సర్జనుకి ఫోను చేసి సోమవారం వద్దని చెప్పు. నా కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది, నంబరు కనబడదు."

కళ్ళజోడు ఆయన జేబులోనే ఉంది. నేను ఫోను చేశాను.

రెండో క్యాను రిపోర్టు వచ్చిన రోజు అందరం వెళ్ళాం. మా ఆయన సెలవు పెట్టి వచ్చారు, అత్తయ్య కూడా కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కింది. డాక్టరమ్మ కాగితం మా వైపు తిప్పింది. హార్మోను హద్దుకు దాదాపు మూడు రెట్లుంది.

"ఈ గడ్డ పనిచేస్తోంది. మీకు ఏమీ తెలియకపోవడం మీ అదృష్టమో దురదృష్టమో చెప్పలేను. హెర్నియా తర్వాత చూద్దాం, ముందు దీన్ని తియ్యాలి. అదీ వెంటనే కాదు. మూడు వారాలు మాత్రలు వాడి, రక్తనాళాలని సిద్ధం చేసి, అప్పుడు." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మొదటిసారి ఏం జరిగింది? నాకు తెలిస్తే మంచిది."

నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"నా చేతిలోంచి జారింది," అన్నారు మామగారు. "చెప్పడానికి మొహం చెల్లక నీళ్ళు పోశాను."

అత్తయ్య ఆయన వైపు చూసింది. మా ఆయన చూశారు. నేను "మామయ్యా" అన్నాను.

"అమ్మాయ్, ఆ మంచినీళ్ళ సీసా ఇలా ఇవ్వు," అన్నారాయన. ఇచ్చాను. సీసా తీసుకుంటూ నా మొహం కేసి ఒక్కసారి గట్టిగా చూశారు. నోరు మూసుకోమని అంత స్పష్టంగా నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ మూడు వారాలూ అత్తయ్య నోటికి హద్దు లేకుండా పోయింది.

"మా తమ్ముణ్ణి నలుగురిలో నిలబెట్టి క్యాను తిప్పి పంపిన పెద్దమనిషి! ప్రాణం మీదికొచ్చిన పరీక్షలో నీళ్ళు కలుపుతారా? అంత భయమేమిటి? ఎవరు కొరుక్కు తింటారని?"

ఆయన వింటూ మాత్ర మింగేవారు. అత్తయ్య అంతటితో ఆగలేదు, తమ్ముడికి ఫోను చేసి చెప్పింది. అతను పాల కేంద్రంలో చెప్పాడు. నాలుగో రోజుకు వరసలోంచి ఎవరో, "ఏమండీ, మీ క్యానులో ఎంత శాతం తేలింది?" అన్నారట. అందరూ నవ్వారట. మామగారూ నవ్వి, అడిగిన మనిషి పాలలోనే లాక్టోమీటరు ముంచారట. ముప్పై ఒక్కేళ్ళు కూడబెట్టుకున్న పేరు నా వల్ల నాలుగు రోజుల్లో పోయింది.

"మామయ్యా, నేను చెప్పేస్తాను," అన్నాను బీపీ పట్టీ చుడుతూ. పొద్దున, సాయంత్రం కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి రాయమన్నారు. మాత్రల వల్ల లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి, ఉప్పూ నీళ్ళూ ఎక్కువ తీసుకోమన్నారు. ఆ అంకెలు రాసే పుస్తకం నాదే.

"ఏం చెబుతావు?"

"నీళ్ళు నేను పోశానని."

"మీ అత్త నన్నయితే అంటుంది, మర్చిపోతుంది. నలభై ఏళ్ళ అలవాటు. నిన్నయితే అనదు, గుర్తుపెట్టుకుంటుంది. అది వద్దు." గాలి కొట్టమని చెయ్యి చాపారు. "ఎంత వచ్చిందో చూడు."

నూటపది వచ్చింది. నిలబడితే తొంభై ఎనిమిది. రాసుకున్నాను. ఆ అంకెలు పడితే కళ్ళు తిరిగి పడిపోతారని భయం, పెరిగితే గడ్డ తిరగబడిందని భయం. మూడు వారాలు నేను పీల్చిన గాలి అంతా ఆ రబ్బరు బుడ్డిలోకే పోయింది.

ఆపరేషను రోజు పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. రెండు గంటలన్నారు. పదిన్నర అయింది. తలుపు తెరుచుకోలేదు. మా ఆయన వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నారు. అత్తయ్య బెంచీ మీద కూర్చుని కొంగు అంచు వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తోంది. పదకొండున్నరకు ఒక నర్సు పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది. నేను ఇంక ఆగలేకపోయాను. ఆయనకు ఏదైనా అయితే ఆ నింద ఆయన నెత్తినే ఉండిపోతుందనిపించింది.

"అత్తయ్యా," అన్నాను. "ఆ క్యానులో నీళ్ళు పోసింది మామయ్య కాదు. నేను."

"తెలుసులే," అంది అత్తయ్య.

నేను ఆవిడ వైపు తిరిగాను.

"ఆయన చేతిలోంచి చెంచా కూడా జారదు. జారినా నీళ్ళు పోస్తాడా ఆ మనిషి? ఆ రోజు డాక్టరు ముందు చెబుతున్నప్పుడే చూశాను, చెవులు ఎర్రగా అయిపోయాయి. కాపురానికొచ్చి నలభై ఏళ్ళు, ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. ఆడింది ఒక్కటి, అదీ సరిగ్గా ఆడలేకపోయాడు."

"మరి అన్నేసి మాటలన్నారు? తమ్ముడుగారికి కూడా ఫోను చేసి..."

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలీదూ?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పాపం, నీకోసం అంత కష్టపడి చెప్పాడు. నమ్మినట్టుండనీ అనుకున్నాను. నాకు మాత్రం సరదానా, ఒంట్లో బాగోలేని మనిషిని అలా అనడం?"

నేను అత్తయ్య భుజం మీద తల పెట్టుకున్నాను. ఆవిడ నన్ను నెట్టలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు. వేలికి కొంగు చుట్టుకుంటూ తలుపు కేసే చూస్తోంది.

పన్నెండు దాటాక సర్జను వచ్చాడు, మాస్కు గడ్డం కిందికి లాగి.

"గడ్డ బయటికి వచ్చేసింది. కదిలించగానే బీపీ రెండొందల నలభైకి పోయింది. మందులు చేతిలో పట్టుకుని నిలబడ్డాం కాబట్టి దించగలిగాం." ఒకసారి నుదురు రుద్దుకున్నాడు. "ఆ సోమవారం నేను చెయ్యి వేసి ఉంటే ఏం జరిగేదో నాకు ఆలోచించాలని లేదు. బాగున్నారు. సాయంత్రం ఒక్కొక్కరే చూడండి."

అత్తయ్య అప్పుడు ఏడ్చింది. మా ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు.

సాయంత్రం మొదట అత్తయ్య వెళ్ళి వచ్చింది, తర్వాత మా ఆయన. ఆఖరున నేను వెళ్ళాను. మామగారు ముక్కులో గొట్టంతో, గడ్డం మాసి, మంచంలో చిన్నగా కనబడ్డారు. మెషిను మీద బీపీ నూటపద్దెనిమిది. చూసి, ఎప్పటిలా రాసుకోవడానికి పుస్తకం వెతుక్కున్నాను. ఆయన కళ్ళు తెరిచారు.

"మీ అత్త ఏడ్చింది," అన్నారు. మాట ముద్దగా వచ్చింది.

"అవును మామయ్యా."

"ఏమీ అనలేదు నన్ను. ఒక్క మాట కూడా." కొంచెం ఆయాసపడ్డారు. కళ్ళలో బెంగ కనిపించింది. "తెలిసిపోయిందా ఏంటి?"

"లేదు మామయ్యా," అన్నాను. "ఇంటికి వచ్చాక అంటానన్నారు."

"మరి," అన్నారాయన తేలిగ్గా, కళ్ళు మూసుకుంటూ. "నేను చెబితే ఎవరైనా నమ్ముతారు."

బయటికొచ్చి ఆ మాట అత్తయ్యకు చెప్పాను. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని బెంచీ మీంచి లేచింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, చీర సర్దుకుని, ఇంకోసారి లోపలికి పంపమని నర్సును బతిమాలింది.

"ఒక్క నిమిషమమ్మా," అంది. "ఆయన్ని నాలుగు తిట్టి వచ్చేస్తాను."